డీఎన్ఏ మీద పాలిమర్ పెంచడం: లెక్క తప్పితే వెలుగేం చేయగలదు?

డీఎన్ఏకు సింథటిక్ పాలిమర్‌ను (మోనోమర్లనే చిన్న అణువులు వరసగా కలిసిన గొలుసును) తగిలించడానికి రెండు దారులున్నాయి. పాలిమర్‌ను విడిగా తయారు చేసి దాని కొసను డీఎన్ఏ కొసకు అతికించడం ఒకటి. డీఎన్ఏ కొసన చిన్న అణువొకదాన్ని నాటి, మోనోమర్లు వచ్చి చేరుతుంటే గొలుసు అక్కడే పెరిగేలా చూడటం రెండోది. మొదటి దారిలో రెండు పెద్ద అణువులు, అదీ మైక్రోమోలార్, అంటే చాలా పలచని గాఢతల్లో, ఒకదాని కొసను ఇంకొకటి వెతుక్కోవాలి. పైగా డీఎన్ఏ నీళ్లు వదిలి రాదు, చాలా పాలిమర్లు నీళ్లలోకి దిగవు. అందుకే దిగుబడి చాలాసార్లు నిరాశే. రెండో దారిలో డీఎన్ఏ దగ్గరికి రావాల్సింది చిన్నపాటి మోనోమరే కాబట్టి ఆ బాధ తప్పుతుంది. వెలుగుతో నడిచే పాలిమరీకరణకు పని పడేది ఇక్కడే.

రాఫ్ట్ అనే నియంత్రిత పాలిమరీకరణ పద్ధతిని ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించారు. పెరుగుతున్న గొలుసు కొసను ట్రైథయోకార్బొనేట్ లాంటి గంధకపు గుంపు ఒకటి పట్టుకుని ఉంటుంది. అది వదిలినప్పుడు గొలుసు కొన్ని మోనోమర్లను చేర్చుకుంటుంది, మళ్లీ పట్టుకోగానే ఆగిపోతుంది. ఇలా అన్ని గొలుసులూ దాదాపు సమానంగా పెరుగుతాయి. మామూలు రాఫ్ట్‌కు చర్యను మొదలుపెట్టే ఏఐబీఎన్ లాంటి ఇనిషియేటరూ, 60 నుంచి 70 డిగ్రీల వేడీ కావాలి. 2014లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో బోయర్ బృందం వేడికి బదులు ఫోటోకాటలిస్టును, కనిపించే వెలుగును వాడి ఇదే పని చేయించింది. వెలుగు తగిలిన కాటలిస్టు గంధకపు గుంపుకు ఎలక్ట్రాన్ ఇస్తుంది, గుంపు విడిపోతుంది, మోనోమర్లను చేర్చుకునే చురుకైన కొస, అంటే రాడికల్, పుడుతుంది. లైటు ఆర్పితే పెరుగుదల నిలిచిపోతుంది. జర్మనీలోని మైంజ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ పాలిమర్ పరిశోధన సంస్థ 2019లో ఈ పద్ధతిని నేరుగా డీఎన్ఏ మీదికి తెచ్చింది.

పరిశోధన పత్రాలు చదివితే ఘనతంతా వెలుగుదే అనిపిస్తుంది. విజయవాడ, గుంటూరు మధ్య ఉన్న విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో ఎవరైనా దీన్ని మొదలుపెడితే మొదటి ట్యూబులు చెడేది మాత్రం మరీ మామూలు కారణాల వల్ల: డీఎన్ఏ బొత్తిగా కొంచెం, ఆక్సిజన్ దానికన్నా ఎంతో ఎక్కువ, గది వేడి ఇంకాస్త ఎక్కువ.

ఏ రంగు వెలుగు

డీఎన్ఏ 260 నానోమీటర్ల దగ్గర గట్టిగా పీల్చుకుంటుంది. అతినీలలోహిత కాంతి పడితే పక్కపక్కనున్న థైమీన్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కాబట్టి యూవీ ల్యాంపు జోలికి పోకూడదు. మేడమీద మే నెల ఎండ ఊరికే వస్తోంది కదా అన్న ఆలోచన కూడా ఇందుకే పనికిరాదు. ఎండలో యూవీ ఉంటుంది, వేడి ఉంటుంది, ఇవాళ ఉన్న తీవ్రత రేపు ఉండదు.

సులువుగా దొరికే కాటలిస్టు ఇయోసిన్ వై. పాథాలజీ ల్యాబుల్లో స్లైడ్లకు వేసే గులాబీ రంగే. ఇది 520 నానోమీటర్ల దగ్గర పీల్చుకుంటుంది, ఆకుపచ్చ ఎల్ఈడీలు ఇచ్చేదీ దాదాపు 520 నుంచి 530 మధ్యనే. కాబట్టి విజయవాడ వన్‌టౌన్ ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే 12 వోల్టుల పచ్చ స్ట్రిప్పును ఒక డబ్బా లోపలి గోడకు చుట్టి, అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచినా పని జరుగుతుంది. తెల్ల బల్బుకు పచ్చ ఫిల్టర్ పెట్టుకుంటే మటుకు వెలుగులో ఎక్కువ భాగం వృథా. ఇయోసిన్‌కు ఇంకో సుగుణం ఉంది. దానిది రుణావేశం, డీఎన్ఏదీ రుణావేశమే కాబట్టి రెండూ ఒకదాన్నొకటి అంటుకోవు. ఎర్ర వెలుగుతో పనిచేసే, ధనావేశమున్న మెథిలీన్ బ్లూ లాంటి రంగు నేరుగా పోయి డీఎన్ఏ మెట్ల మధ్య కూర్చుంటుంది, వెలుగు పడగానే పక్కనున్న గ్వానీన్‌ను ఆక్సీకరిస్తుంది. ఎర్ర వెలుగు సున్నితమైనది కదా అని మెథిలీన్ బ్లూను ఎంచుకున్నవాళ్లకు ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

రంగు ఎక్కువ వేస్తే చర్య వేగంగా జరుగుతుందన్నది ఇంకో భ్రమ. ఇయోసిన్ మోలార్ శోషణ గుణకం (వెలుగును ఎంత గట్టిగా పీలుస్తుందో చెప్పే సంఖ్య) సుమారు లక్ష. 50 మైక్రోమోలార్ ద్రావణం 3 మిల్లీమీటర్ల లోతుంటే శోషణ 1.5 అవుతుంది, అంటే అవతలి వైపుకు చేరే వెలుగు 3 శాతమే. గుళ్లో ముందు వరసవాళ్లే ప్రసాదమంతా పుచ్చుకున్నట్టు, ట్యూబు అంచున ఉన్న పొర వెలుగంతా మింగేస్తుంది. లోపలి గొలుసులు కదలవు, అంచున ఉన్నవి మితిమీరి పెరుగుతాయి. అదే 10 మైక్రోమోలార్ అయితే శోషణ 0.3, సగం వెలుగు అవతలికి చేరుతుంది. మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే.

డీఎన్ఏ కొసను సిద్ధం చేయడం

ట్రైథయోకార్బొనేట్‌ను డీఎన్ఏ తయారీ యంత్రంలోనే పెట్టించుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. కుదరదు. సింథసిస్ చివర డీఎన్ఏను అమ్మోనియాలో నానబెట్టి రక్షక గుంపులు తీసేస్తారు, ఆ అమ్మోనియాకు ట్రైథయోకార్బొనేట్ నిలవదు. ఏటీఆర్‌పీ అనే ఇంకో నియంత్రిత పాలిమరీకరణ పద్ధతికి వాడే బ్రోమోఐసోబ్యుటిరామైడ్ ఇనిషియేటర్ మాత్రం ఆ దశను తట్టుకుంటుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని ఫాస్ఫోరమిడైట్‌గా (డీఎన్ఏ యంత్రం చేర్చగల రూపంలోకి) మార్చి యంత్రంలోనే చేర్చగలిగింది అందుకే. రాఫ్ట్ కావాలంటే 5 ప్రైమ్ కొసన (పోగు మొదటి కొసన) అమైన్ గుంపు ఉన్న ఆలిగోను, అంటే పొట్టి డీఎన్ఏ పోగును తెప్పించుకుని, తర్వాత రాఫ్ట్ ఏజెంటును (ఆ గంధకపు గుంపున్న అణువును) చేతితో కలపాలి.

20 న్యూక్లియోటైడ్ల ఆలిగో బరువు సుమారు 6 కిలోడాల్టన్లు. 100 నానోమోల్‌లను పీహెచ్ 8 ఉన్న 100 మైక్రోలీటర్ల ఫాస్ఫేట్ బఫర్‌లో కరిగిస్తే 1 మిల్లీమోలార్ అవుతుంది. రాఫ్ట్ ఏజెంటు ఎన్‌హెచ్ఎస్ ఎస్టర్‌ను (అమైన్‌కు అతుక్కునే రూపాన్ని) డీఎంఎస్ఓ అనే ద్రావకంలో 100 మిల్లీమోలార్‌గా చేసి 50 మైక్రోలీటర్లు కలిపితే 5 మైక్రోమోల్, అంటే 50 రెట్లు. ఇంత ఎక్కువ ఎందుకంటే ఎన్‌హెచ్ఎస్ ఎస్టర్‌ను నీళ్లు కూడా తినేస్తాయి, పీహెచ్ పెరిగేకొద్దీ ఇంకా త్వరగా తింటాయి. పీహెచ్ 8.5 దాటితే గంధకపు గుంపుకూ ముప్పే. డీఎంఎస్ఓ వాటా మూడో వంతుకు మించితే డీఎన్ఏ తెల్లగా బయటపడే అవకాశం ఉంది.

ఇక్కడ ఎక్కువమందిని ముంచేది ట్రిస్ బఫర్. ఆలిగో రాగానే అలవాటుగా టీఈ బఫర్‌లో (ట్రిస్, ఈడీటీఏ కలిసిన ద్రావణంలో) కరిగించి ఫ్రీజర్‌లో పెట్టేస్తారు. ట్రిస్‌లో ఉన్నది ప్రైమరీ అమైన్. 10 మిల్లీమోలార్ ట్రిస్ అంటే డీఎన్ఏ అమైన్‌కు పది రెట్లు, ఎన్‌హెచ్ఎస్ ఎస్టర్‌లో చెప్పుకోదగ్గ వాటా దానికే పోతుంది. అమ్మోనియం లవణాలు మిగిలి ఉన్నా అంతే. టీఈలోని ఈడీటీఏ సంగతి వేరు: అది రాఫ్ట్‌కు పెద్దగా అడ్డు రాదు కానీ, ఏటీఆర్‌పీ చేసేవాళ్ల రాగి కాటలిస్టును పట్టుకుని కూర్చుంటుంది. ఇవన్నీ లేకుండా, ఆలిగోను న్యూక్లియేజ్ లేని నీటిలో కరిగించడమే మేలు. ఇప్పటికే టీఈలో ఉంటే సోడియం అసిటేట్, 2.5 రెట్ల ఇథనాల్‌తో అవక్షేపించి మళ్లీ కరిగించుకోవాలి.

రాఫ్ట్ ఏజెంటు ఎంపికలో తోకను చూడాలి. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే పొడవాటి డోడెసిల్ తోక ఏజెంటు నీళ్లలో సబ్బులా గుంపులు కడుతుంది. పొట్టి ఇథైల్ లేదా బ్యుటైల్ తోక ఉన్నదే నయం. డైథయోబెంజోయేట్లు అమైన్లకూ నీళ్లకూ ఇంకా తేలిగ్గా లొంగిపోతాయి కాబట్టి, మెథాక్రిలేట్ తప్పనిసరైతే తప్ప వాటిని దూరంగా ఉంచడమే మంచిది.

కలిసిందో లేదో తెలుసుకోవడానికి స్పెక్ట్రమ్‌లో 310 నానోమీటర్ల దగ్గర చూస్తారు. అక్కడ కనిపించేది 260 శిఖరంలో ఇరవయ్యో వంతు పాటి చిన్న గూను మాత్రమే, శుద్ధి సరిగ్గా జరగకపోతే స్వేచ్ఛగా మిగిలిన ఏజెంటే ఆ గూను వేసి మోసం చేస్తుంది. సీ18 క్రోమటోగ్రఫీ కాలమ్ మీద ట్రైఇథైలమ్మోనియం అసిటేట్, అసిటోనైట్రైల్‌తో నడిపితే మామూలు ఆలిగో ముందు, ఏజెంటు తగిలినది తర్వాత వస్తాయి. నమ్మదగ్గ సాక్ష్యం అదే.

అసలు లెక్క

50 మైక్రోలీటర్ల చర్య తీసుకుందాం. సిద్ధం చేసుకున్న డీఎన్ఏ 2 నానోమోల్, అంటే 40 మైక్రోమోలార్. మోనోమర్ డైమిథైలాక్రిలమైడ్. రాఫ్ట్‌లో గొలుసు పొడవు మోనోమర్, ఏజెంటుల నిష్పత్తిని బట్టి ఉంటుంది. 200 యూనిట్ల గొలుసు కావాలంటే 40 మైక్రోమోలార్‌కు 200 రెట్లు, అంటే 8 మిల్లీమోలార్ మోనోమర్ చాలని కాగితం మీద తేలుతుంది. అంత పలచని ద్రావణంలో పాలిమరీకరణ దాదాపు నడవదు, ఎందుకంటే వేగం మోనోమర్ గాఢతతోనే ముడిపడి ఉంది. సరే, మోనోమర్‌ను 1 మోలార్‌కు పెంచుదామంటే లక్ష్య పొడవు 25,000 యూనిట్లకు పోతుంది, అదుపు చేయడానికి తగినంత ఏజెంటు ట్యూబులో ఉండదు.

దీనికి ఆచరణలో ఉన్న పరిష్కారం, డీఎన్ఏకు అంటని రాఫ్ట్ ఏజెంటును కావాలనే కలపడం. 5 మిల్లీమోలార్ స్వేచ్ఛా ఏజెంటు వేస్తే 1 మోలార్ మోనోమర్‌తో లక్ష్యం 200 యూనిట్ల దగ్గరికి దిగుతుంది. 70 శాతం మోనోమర్ ఖర్చయ్యాక ఆపితే సుమారు 140 యూనిట్లు, దాదాపు 14 కిలోడాల్టన్లు. మూల్యం ఏమిటంటే ట్యూబులోని గొలుసుల్లో డీఎన్ఏ ఉన్నవి 1 శాతం కూడా ఉండవు. 99 గొలుసులను పారేసి ఒక్కదాన్ని ఏరుకునే పని ఇది. చాలా పత్రాల్లో ఈ నిష్పత్తి అనుబంధ పట్టికల్లో ఎక్కడో ఒదిగి ఉంటుంది, ముందే చూసుకోనివాళ్లకు ఎన్‌ఎంఆర్‌లో (అణువుల నిర్మాణం చూసే పరీక్షలో) డీఎన్ఏ ఎందుకు కనిపించడం లేదో అర్థం కాదు.

స్వేచ్ఛా గొలుసులు పూర్తిగా వృథా కూడా కావు. వాటిని విడదీసి జీపీసీలో (గొలుసులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే పరీక్షలో) నడిపితే సరాసరి పొడవు, చెదురు (పొడవుల్లో తేడా) తెలుస్తాయి. డీఎన్ఏ మీది గొలుసూ సుమారుగా అంతే పెరిగి ఉంటుందని అంచనా కట్టవచ్చు. అంచనా మాత్రమే.

ఇదే లెక్కలో మరిచిపోయేది మోనోమర్ సీసాలోని ఇన్హిబిటర్, అంటే నిల్వలో మోనోమర్ పాలిమర్ కాకుండా ఆపే రసాయనం. డైమిథైలాక్రిలమైడ్‌ను సాధారణంగా 500 పీపీఎం ఎంఈహెచ్‌క్యూతో అమ్ముతారు. పై చర్యకు కావాల్సిన మోనోమర్ 5 మిల్లీగ్రాములే, అందులో ఇన్హిబిటర్ 20 నానోమోల్. డీఎన్ఏ 2 నానోమోల్. లీటర్ల లెక్కన చేసేవాళ్లకు పట్టని మలినం ఇక్కడ అసలు సరుకుకు పదింతలు. పిపెట్ టిప్‌లో కాస్త దూది, దానిమీద బేసిక్ అల్యూమినా వేసి మోనోమర్‌ను దాని గుండా దించితే చాలు. దించిన మోనోమర్‌ను 4 డిగ్రీల్లో పెట్టి ఆ రోజే వాడాలి. వేసవిలో బల్ల మీద వదిలేస్తే దానంతటదే గడ్డకట్టే ప్రమాదముంది.

ఆక్సిజన్

రాడికల్ కనిపిస్తే ఆక్సిజన్ వదలదు. గాలి తగిలిన నీటిలో సుమారు 0.25 మిల్లీమోలార్ ఆక్సిజన్ కరిగి ఉంటుంది. మన 50 మైక్రోలీటర్లలో అది 12.5 నానోమోల్, డీఎన్ఏకు ఆరు రెట్లు. ఇది చిన్న భాగమే. 200 మైక్రోలీటర్ల పీసీఆర్ ట్యూబులో ద్రవం పైన ఇంకో 150 మైక్రోలీటర్ల గాలి ఉంటుంది. అందులోని ఆక్సిజన్ సుమారు 1,250 నానోమోల్. కరిగినదానికి వంద రెట్లు పైన కాచుకుని ఉండి, లోపలిది ఖర్చయ్యేకొద్దీ కిందికి దిగుతూనే ఉంటుంది. నైట్రోజన్ పంపుదామంటే 50 మైక్రోలీటర్లు బుడగలకే ఆవిరైపోతాయి.

ఇయోసిన్, ఆస్కార్బిక్ ఆమ్లం కలిసి కరిగిన ఆక్సిజన్‌ను తామే ఖర్చు చేస్తాయి. అది అయ్యేదాకా ఏమీ జరగనట్టుంటుంది, ఆ తర్వాత చర్య ఊపందుకుంటుంది. లైటు వేసిన కాసేపటికే శాంపిల్ తీసి పనిచేయలేదని తీర్మానించేవాళ్లు ఈ నిరీక్షణ కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఆస్కార్బిక్ ఆమ్లం 1 నుంచి 2 మిల్లీమోలార్ చాలు, అదీ అప్పటికప్పుడు కలిపినది. తటస్థ పీహెచ్‌లో లేశమాత్రం ఇనుము, రాగి ఉన్నా అది గంటల్లో పాడై హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. శాంపిల్ కోసం మూత తీసిన ప్రతిసారీ ఆక్సిజన్ మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి, వేర్వేరు సమయాలకు వేర్వేరు ట్యూబులు పెట్టుకోవాలి. పీసీఆర్ చేసేవాళ్లలా పైన మినరల్ ఆయిల్ పొర వేస్తే ఆక్సిజన్ పూర్తిగా ఆగదు, దిగే వేగం తగ్గుతుంది. ఆవిరి కావడం కూడా తగ్గుతుంది.

గ్లూకోజ్‌తో పాటు ఆక్సిజన్‌ను ఖర్చు చేసే గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమ్ వేయడం ఇంకా బలమైన ఉపాయం. దీన్ని వేసేముందు ఆ చర్యలో ఏం మిగులుతుందో చూడాలి. పైనున్న 1,250 నానోమోల్ ఆక్సిజనంతా వాడితే అంతే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, 50 మైక్రోలీటర్లలో అది 25 మిల్లీమోలార్. రాగితో నడిచే ఫోటో-ఏటీఆర్‌పీలో ఈ పెరాక్సైడ్ హైడ్రాక్సిల్ రాడికల్‌గా మారి డీఎన్ఏను ముక్కలు చేస్తుంది. డీఎన్ఏను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద పాలిమర్ పట్టీ బదులు కింద చిన్న ముక్కల మసక కనిపిస్తే తప్పు వెలుగుది అనుకోకూడదు, ముందు పెరాక్సైడ్‌ను అనుమానించాలి. 100 మిల్లీమోలార్ సోడియం పైరువేట్ కలిపితే పెరాక్సైడ్‌ను అది తినేస్తుంది. కాటలేజ్ ఎంజైమ్ కూడా తింటుంది కానీ, సగం ఆక్సిజన్‌ను వెనక్కి ఇస్తుంది. ఇక పెరాక్సైడ్‌తో పాటు అంతే గ్లూకోనిక్ ఆమ్లమూ తయారవుతుంది. 10 మిల్లీమోలార్ బఫర్ దాన్ని మోయలేదు, పీహెచ్ జారిపోతుంది. 100 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ వాడాలి.

మన ఎండ, మన కరెంటు

పాశ్చాత్య పత్రాల్లో ‘గది ఉష్ణోగ్రత’ అంటే 20 నుంచి 25 డిగ్రీలు. విజయవాడలో మే నెల మధ్యాహ్నం బయట 40 దాటడం మామూలే, ఏసీ లేని ల్యాబులో 35 అన్నది తక్కువేం కాదు. ఎన్-ఐసోప్రొపైలాక్రిలమైడ్‌తో పనిచేసేవాళ్లకు ఈ తేడా ప్రాణసంకటం. దాని పాలిమర్ సుమారు 32 డిగ్రీలు దాటితే నీటిలోంచి బయటపడుతుంది. చర్య సగంలో ద్రావణం పాలలా తెల్లబడుతుంది, వెలుగు చెదిరిపోతుంది, పెరుగుదల నిలిచిపోతుంది. డీఎన్ఏ తగిలి ఉన్న గొలుసులకు ఈ హద్దు కాస్త పైకి జరుగుతుంది, స్వేచ్ఛా గొలుసులకు జరగదు, ట్యూబులో ఎక్కువున్నవి అవే. వేసవిలో మొదలుపెట్టేవాళ్లు డైమిథైలాక్రిలమైడ్‌తోనో, పీఈజీ తోక ఉన్న అక్రిలేట్‌తోనో మొదలుపెట్టడం తెలివైన పని.

గదిని చల్లబరచలేకపోయినా ట్యూబును చల్లగా ఉంచవచ్చు. బయోటెక్ విభాగంలో మూలనున్న పాత పీసీఆర్ యంత్రాన్ని 25 డిగ్రీల దగ్గర నిలిపి, మూత తెరిచి, పై నుంచి పచ్చ స్ట్రిప్పు వేలాడదీస్తే సరిపోతుంది. ట్యూబు మూత గరుగ్గా ఉన్నది కాకుండా పారదర్శకంగా ఉన్నది చూసుకోవాలి. ఎల్ఈడీ డబ్బా పద్ధతికే పోతే లోపల చిన్న కంప్యూటర్ ఫ్యాను తప్పనిసరి, మూసిన డబ్బాలో ఆ స్ట్రిప్పు వేడే గదికన్నా పది డిగ్రీలు ఎక్కువ చేయగలదు.

కరెంటు పోవడం ఈ పద్ధతిలో అనుకున్నంత ప్రమాదం కాదు. లైటు ఆరితే గొలుసులు చావవు, గంధకపు గుంపు పట్టులో నిద్రపోతాయి. అయితే ఆ లోపు ఆక్సిజన్ లోపలికి వస్తుంది, లైటు వచ్చాక మళ్లీ అది ఖర్చయ్యేదాకా ఆగాలి. అందుకని గడియారం చూసి ‘గంట వెలుగు’ అని రాసుకోవడం కన్నా, స్ట్రిప్పును నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి కలుపుకోవడం నయం.

ఏరుకోవడం, నిరూపించుకోవడం

చర్య ముగిశాక అలవాటుగా ఇథనాల్ అవక్షేపణకు పోతే నష్టపోతారు. డైమిథైలాక్రిలమైడ్ పాలిమర్ ఇథనాల్‌లో కరుగుతుంది. 6 కిలోడాల్టన్ల డీఎన్ఏకు 14 కిలోడాల్టన్ల పాలిమర్ తగిలితే ఆ జంట గుణం పాలిమర్ వైపే మొగ్గుతుంది, పైనున్న ద్రవంలోనే కొంత ఉండిపోతుంది, దాన్ని సింక్‌లో పారబోస్తారు. 10 కిలోడాల్టన్ల స్పిన్ ఫిల్టర్ కూడా జంటనూ స్వేచ్ఛా పాలిమర్‌నూ విడదీయలేదు. పనికొచ్చేది రుణావేశమున్నవాటిని పట్టుకునే యానయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్. ఆవేశం లేని పాలిమర్ ఆగకుండా దిగిపోతుంది, డీఎన్ఏ ఉన్నవన్నీ కాలమ్‌ను పట్టుకుంటాయి. తర్వాత సోడియం క్లోరైడ్‌ను నెమ్మదిగా 1 మోలార్ దాకా పెంచితే పాలిమర్ తగిలిన డీఎన్ఏ ముందు, తగలనిది వెనక వస్తాయి.

శుద్ధి కాకముందు 260 దగ్గర కొలత తీసి డీఎన్ఏ ఎంతుందో చెప్పడం వ్యర్థం. మిగిలిన మోనోమర్, ట్రైథయోకార్బొనేట్ తోక, ఇయోసిన్ అన్నీ అక్కడ ఎంతోకొంత పీల్చుకుంటాయి.

జెల్ మీద పాలిమర్ తగిలిన డీఎన్ఏ నెమ్మదిగా, వెడల్పాటి మసకగా నడుస్తుంది. పైకి జరిగింది కదా అని అక్కడితో తృప్తిపడకూడదు, డీఎన్ఏ పాలిమర్‌లో ఊరికే చిక్కుకుని కూడా అలా కనిపించవచ్చు. మూడు పక్క ట్యూబులు తప్పనిసరి: అన్నీ వేసి చీకట్లో ఉంచినది, డీఎన్ఏ లేనిది, రాఫ్ట్ ఏజెంటు తగిలించని మామూలు ఆలిగో వేసినది. మూడోదే ముఖ్యం. ఆ ట్యూబులో కూడా పట్టీ పైకి జరిగితే పాలిమర్ డీఎన్ఏ కొస నుంచి పెరగలేదన్నమాట. అది దాటాక, రంగు తగిలించిన జోడీ పోగును కలిపి మళ్లీ జెల్ నడపాలి. మసక రంగు తీసుకుంటే డీఎన్ఏ ఇంకా తన జతను గుర్తుపడుతోందని అర్థం. పాలిమర్ ఎంత చక్కగా పెరిగినా ఆ గుర్తుపట్టే గుణం పోతే డీఎన్ఏ వాడి ప్రయోజనం లేదు, ఎందుకంటే సెన్సార్‌కైనా, డీఎన్ఏ ఓరిగామి (డీఎన్ఏను మడిచి చేసిన ఆకారం) మీద అమర్చడానికైనా, మందు మోసే కణానికైనా దాని పని అదే.